లజహర్ మాస్టారి చెవిన పడ్డ గరిట

లజహర్ మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరైనా ఎవరినైనా తిట్టబోతే, అవతలివాళ్లు అసలేమన్నారో ముందు తిట్టేవాడి నోటితోనే చెప్పించేవారు. "అవును, నేనన్నది ఇదే" అని వాళ్లు ఒప్పుకునేదాకా తిట్టడానికి అనుమతి లేదు.

ఓసారి వాళ్ల రేవుపట్నం స్ఫాక్స్‌లో, చేపల బజారులో ఇద్దరు కలబడబోతుంటే మధ్యలో దూరారు.

"వాడేమన్నాడో నువ్వు చెప్పు నాయనా."

"నా చేప నిన్నటిదన్నాడు!"

"నిన్నటిదని ఎప్పుడన్నాను? మొన్నటిదన్నాను" అని రెండోవాడు సవరించాడు. ఆ తర్వాత ఇద్దరూ ఏకమై మాస్టారిని బజారు చివరిదాకా తరిమారు. శాంతి నెలకొన్నందుకు మాస్టారు ఎంతో సంతోషించారు.

బడి ఉద్యోగం నుంచి విరమణ పొందాక ఈ జబ్బును ఫోనులోకి ఎక్కించి 'ఆడా మగా – సూటిగా' అనే గ్రూపు పెట్టారు. ఎవరికి జవాబివ్వాలన్నా వాళ్లన్నది గొంతుతో చెప్పి పంపాలి. అది ముందు మాస్టారికి చేరుతుంది. ఆయన విని వదిలితేనే మిగతావాళ్లకు వినిపిస్తుంది. "రాతలో అందరూ పులులే. గొంతు వినిపించండి" అనేవారు.

ఆ గ్రూపులోకెల్లా పెద్ద పులి నౌఫల్. "వంటింట్లో దూరినవాడు మగాడేనా?" అని వారానికోసారైనా గర్జించేవాడు. నూనె మిల్లు మూతపడ్డాక అతని భార్య ఎమ్నా బ్యాంకులో సంపాదిస్తుంటే ఇంట్లో వంట చేస్తున్నది ఈ పులే. కొత్తిమీర కట్టను బంతాట బూట్ల సంచిలో దాచి తెచ్చుకునేవాడు. ఆగస్టు ఎండల్లో కూడా వంటింటి కిటికీ తెరిచేవాడు కాదు. కాఫీ హోటల్లోని మిత్రులకు తెలిస్తే ఇక తలెత్తుకోలేనని అతని బెంగ.

ఒకరోజు గర్జనను బసీమా అనే నర్సు నియమం ప్రకారం ముందు తన గొంతుతో అప్పజెప్పి, ఆపైన జవాబు రాసింది: "నౌఫల్ గారూ, వంట చేసే మగాళ్లు చాలామందే ఉన్నారు. మీలాంటివాళ్లకు జడిసి కిటికీలు మూసుకుంటున్నారు. వాళ్లను కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి."

నౌఫల్ తన కిటికీ వైపు చూశాడు. చెమట తుడుచుకున్నాడు. ఒళ్లు మండిపోయింది. తిట్టాల్సిందే.

"ముందు ఆవిడేమందో చెప్పు నాయనా" అని, అతను రాయబోతున్నట్టు ఫోనులో కనిపించగానే మాస్టారి హెచ్చరిక వచ్చింది.

పొయ్యిమీద మ్లూఖియా ఉడుకుతోంది. పొద్దుటినుంచి ఉడికే ఆ ఆకుపొడి కూరకు చివరి గంటలో గరిట ఆపితే సర్వనాశనమే. ఒక చేత్తో కలుపుతూ, రెండో చేత్తో ఫోను నొక్కి మొదలుపెట్టాడు. "బసీమా గారనేదేమిటంటే... వంట చేసే మగాళ్లు... నాలాంటివాళ్ల వల్ల సిగ్గుపడి కిటికీలు మూసుకుని..." అక్కడ గరిట ఆగింది. ఈ మాటల్ని చదివినప్పుడు కోపమే వచ్చింది. చెబుతుంటే మాత్రం తన సంగతే తాను చాటుకుంటున్నట్టుంది.

సరిగ్గా అప్పుడే పక్కగదిలోంచి అత్తగారు హల్లూమా కేకేసింది. "అల్లుడూ! మాడు వాసనొస్తోంది! గరిట ఆపావా ఏంటి?"

ఉలికిపాటుకు వేలు జారింది. సందేశం వెళ్లిపోయింది.

నౌఫల్ నేలమీద చతికిలబడ్డాడు. ఇన్నాళ్లూ తాను వెక్కిరించిన మగాళ్లందరూ వరసగా కళ్లముందు నిలబడ్డారు. అందరికీ తన ముఖమే ఉంది. ఇంతలో ఫోను మోగింది.

"విన్నాను నాయనా" అన్నారు మాస్టారు.

"అందరికీ వదిలేశారా?"

"నా దగ్గరే ఉంది. ముందు నేను వింటానని నియమం ఎందుకు పెట్టాననుకున్నావు? ఈ చెవిన ఎన్ని గర్జనలు పడ్డాయో! ఒకాయన వెనక బట్టలుతికే మిషను. ఇంకొకాయన తిడుతూ తిడుతూనే, 'ఊరుకో నా బంగారు తల్లీ' అని పసిదాన్ని జోకొడుతున్నాడు. వాళ్లకి చెప్పిందే నీకూ చెబుతున్నా. ఇంటి చప్పుళ్లు వినిపించకుండా మేడమీదకెళ్లి మళ్లీ చెప్పి పంపు."

"ఎవరు మాస్టారూ వాళ్లు?"

"పేర్లు చెప్పను. కాఫీ హోటల్లో నీ బల్ల చుట్టూ ఉన్న కుర్చీలు మాత్రం ఖాళీగా లేవు."

నౌఫల్ లేచి గరిట అందుకున్నాడు.

"మేడమీదకెళ్తే కూర అడుగంటుతుంది మాస్టారూ. అలాగే వదిలేయండి."

సందేశం గ్రూపులోకి వెళ్లింది, అత్తగారి కేకతో సహా. బసీమా వెంటనే జవాబిచ్చింది: "అవును, నేనన్నది ఇదే. ఇక తిట్టండి."

అనుమతైతే వచ్చింది గానీ, ఏం తిట్టాలనుకున్నాడో నౌఫల్‌కు గుర్తు రాలేదు. ఉక్కపోత భరించలేక కిటికీ తెరిచాడు.

కాసేపటికి గ్రూపులో, కాఫీ బల్ల దగ్గర రోజూ ఎదురుగా కూర్చునే మిత్రుడి గొంతు వినిపించింది. వెనక బట్టలుతికే మిషను గిరగిరా తిరుగుతోంది. మాస్టారు ఈసారి ఎవరినీ మేడమీదకు పంపలేదు.

"ఒరేయ్ నౌఫల్, మంట తగ్గించావా లేదా?"