దేవుడి గదిలో రౌటర్

సింగపూర్‌లో ఒకడికి కంప్యూటర్ పని వచ్చని తెలిస్తే చాలు, తెలుగువాళ్లు వాణ్ని బతకనివ్వరు. ఒకరి ప్రింటర్, ఒకరి టీవీ, ఒకరి అత్తగారి ఫోన్. ఆఫీసుల్లో నెట్‌వర్కులు పెట్టడం నా ఉద్యోగం. ఆదివారం వచ్చిందంటే వుడ్‌ల్యాండ్స్ నుంచి బెడోక్ దాకా అందరి ఇళ్లలోనూ అదే పని, జీతం మాత్రం కాఫీ. విసుక్కుంటూనే వెళ్తాను. "పృథ్వీ చెయ్యి పడితే ఇక తిరుగులేదు" అని ఎవరైనా అంటే పొంగిపోతాను కూడా. నాకున్న జబ్బు అదే.

అరుణశ్రీ అక్క ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు. కాకినాడావిడ, నలభై రెండేళ్లు. సెంబవాంగ్‌లో ఓడలు బాగుచేసే ఒక చిన్న కంపెనీలో పదకొండేళ్లు సేఫ్టీ ఆఫీసరుగా చేసింది. ఓడ ట్యాంకులోకి వెల్డర్లు దిగే ముందు లోపల గాలి సరిగా ఉందో లేదో మీటరు పెట్టి చూసి ఆవిడ సంతకం చేయాలి. ఒకసారి చూస్తే సరిపోయేదానికి మూడుసార్లు చూసేది. మా అనకాపల్లి వాళ్లు ముగ్గురు ఆవిడ కింద పనిచేశారు. పని ఆలస్యమవుతోందని రోజూ తిట్టుకునేవారు. ముగ్గురూ క్షేమంగా ఇళ్లకు వెళ్లారు.

ఈ ఏడాది ఆ కంపెనీ మూతపడింది. ఇంట్లో నలుగురూ ఇక్కడ ఉండగలిగేది అక్క ఉద్యోగ పర్మిట్ మీదే. భర్త అనిల్‌కుమార్, అత్తగారు తారాదేవి ఆంటీ, తొమ్మిదో తరగతి వయసు కూతురు అలేఖ్య. దేశంలో ఉండటానికి ముప్ఫై రోజుల గడువిచ్చారు. అందులో ఇరవై రోజులు దరఖాస్తులు పెట్టడంలోనే గడిచిపోయాయి. చివరికి ఒక కంపెనీ సరేనంది, కానీ ఒక షరతు పెట్టింది. శుక్రవారం సాయంత్రంలోగా ఫలానా సేఫ్టీ సర్టిఫికెట్ చూపిస్తేనే పర్మిట్‌కి రాస్తామని, లేదంటే వేరే మనిషి సిద్ధంగా ఉన్నాడని చెప్పారు.

పరీక్షా కేంద్రాల్లో ఆ నెలంతా ఖాళీ లేదు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద రాయడమొక్కటే దారి. దానికి బోలెడన్ని నిబంధనలు. గదిలో ఒక్కరే ఉండాలి, తలుపు మూసి ఉండాలి, కుర్చీలోంచి లేవకూడదు, నోరు మెదపకూడదు. ఫోన్ ఇంటర్నెట్ పనికిరాదు, ఇంటి లైనే వాడాలి. లైను తెగి పది నిమిషాల్లో తిరిగి రాకపోతే పరీక్ష రద్దవుతుంది.

మంగళవారం కాకినాడ నుంచి ఫోన్ వచ్చింది. అనిల్‌కుమార్ పెదనాన్న పోయారు. అనిల్‌కుమార్ ఆ సాయంత్రమే విమానం ఎక్కాడు. ఇంటికి పదకొండు రోజులు మైల. ఇక్కడి ఫ్లాట్లలో బాంబులు పడితే దాక్కోవడానికి ఒక చిన్న గది కడతారు. మందపాటి కాంక్రీటు గోడలు, ఇనుప తలుపు. చాలామంది అందులో సూట్‌కేసులు పడేస్తారు. అక్క వాళ్లు దేవుణ్ని పెట్టుకున్నారు. ఇంటర్నెట్ లైను కూడా ఆ గదిలోకే వస్తుంది కాబట్టి పై అరలో వెంకటేశ్వరస్వామి, కింది అరలో రౌటర్. తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది గనక సిగ్నల్‌కి ఏ ఇబ్బందీ రాలేదు. చావు కబురు విన్న వెంటనే అక్కే వెళ్లి ఆ ఇనుప తలుపు లాగేసింది. మైలలో దేవుడి గది మూయడం పుట్టినప్పటి నుంచీ చేతికి అలవాటైన పని. లోపల రౌటర్ ఉందన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

గురువారం మధ్యాహ్నం నాకు ఫోన్ చేసింది.

"పృథ్వీ, బెడ్రూంలో వైఫై చచ్చిపోయింది. రేపు పొద్దున్నే పరీక్ష. మీ రూంకి వద్దామంటే అక్కడ మీరు నలుగురు. అయినా మైలలో ఒకరింటికి రాకూడదు కదా. నాకు చేతులు కాళ్లు ఆడట్లేదు" అంది. అక్క నన్ను సాయం అడగడం అదే మొదటిసారి.

పాత రౌటర్లు రెండు సంచిలో వేసుకుని రెండు స్టేషన్లు దాటి వెళ్లాను. హాల్లో తారాదేవి ఆంటీ కింద కూర్చుని ఉంది. చనిపోయినాయన ఆవిడకి స్వయానా బావగారు.

"ఆంటీ, ఆ తలుపు ఒక్క జానెడు తీస్తే చాలండి" అన్నాను.

"పదకొండో రోజు స్నానాలయ్యాకే, నాయనా."

"పోనీ, నాకు మైల లేదు కదండి. నేను తీస్తాను."

"ఎవరు తీసినా ఈ ఇంటి మైల లోపలికి పోద్ది. నా కోడలు గండంలో ఉంది. ఇప్పుడే స్వామికి అపచారం చెయ్యమంటావా?"

నేను అక్క వైపు చూశాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "వద్దు పృథ్వీ. నాక్కూడా భయంగానే ఉంది" అంది.

సరే, తలుపు తీయకుండానే సాధించి చూపిద్దామనుకున్నాను. ఆ గది గోడకి పైన గాలి కోసం వదిలిన రంధ్రం ఉంటుంది. దాని కింద చెప్పుల బీరువా మీద సిగ్నల్ కొంచెం దొరికింది. అక్కడ రెండో రౌటర్ పెట్టాను. దాని నుంచి గోడ వెంట తీగ లాగి బెడ్రూంలో మూడో రౌటర్ పెట్టాను. ల్యాప్‌టాప్ కలిసింది. గంటసేపు వీడియో పెట్టి చూశాం, ఒక్కసారి కూడా ఆగలేదు. అలేఖ్య ఇక్కడి పిల్లల యాసలో "వా, అంకుల్, సో ఫాస్ట్ లా!" అంది. అక్క కళ్లు తుడుచుకుంది. నేను కాలర్ ఎగరేసుకుంటూ ఇంటికెళ్లాను.

శుక్రవారం సెలవు పెట్టి తొమ్మిదిన్నరకే వచ్చాను. పది గంటలకు అక్క గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఆంటీ, నేను హాల్లో కూర్చున్నాం. నా ఫోన్‌లో ఆ ల్యాప్‌టాప్ లైను కనిపిస్తూ ఉంది. పది యాభైకి పోయింది.

ఒక నిమిషం చూశాను, రాలేదు. రెండో రౌటర్ ఆపి మళ్లీ వేశాను, రాలేదు. లోపల అక్క లేవడానికి లేదు, పిలవడానికి లేదు. నిలిచిపోయిన తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. నాలుగు నిమిషాలు పోయాయి.

"ఆంటీ, ఆ ఇనుప తలుపు వల్లేనండి. అది తీస్తే వచ్చేస్తుంది. మీ కాళ్లు పట్టుకుంటాను, తీయనివ్వండి" అన్నాను. 'వల్లే' అని గట్టిగా అన్నాను. నాకు అంత నమ్మకం.

ఆవిడ నన్ను చూసింది. బెడ్రూం తలుపు చూసింది. గోడ పట్టుకుని లేచి, "నువ్వాగు. ఆ పాపమేదో నాకే తగలనీ" అని తనే వెళ్లి రెండు చేతులతో గొళ్లెం తిప్పి తలుపు బార్లా తీసింది. తీసి, లోపలికి చూడకుండా కళ్లు మూసుకుంది.

రెండో రౌటర్‌కి సిగ్నల్ నిండుగా వచ్చింది. ల్యాప్‌టాప్‌కి మాత్రం రాలేదు.

పదకొండు దాటాక అక్క బయటికి వచ్చింది. "రద్దయిందంట" అంది. తెరిచి ఉన్న తలుపు చూసింది, అత్తగారిని చూసింది. మళ్లీ రాయడానికి పది రోజులు ఆగాలి. కొత్త కంపెనీ పది గంటలు కూడా ఆగలేదు.

ల్యాప్‌టాప్ తెచ్చి చూస్తే నిమిషంలో తెలిసిపోయింది. రౌటర్ అనేది ఇంట్లోని ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఇస్తుంది. ఇంట్లో ఎన్ని రౌటర్లున్నా నంబర్లిచ్చేది ఒక్కటే ఉండాలి, మిగతా వాటిలో ఆ పని ఆపేయాలి. ఈ వృత్తిలో మొదటి వారం నేర్పే పాఠం ఇది. రెండోదాంట్లో ఆపాను. మూడోదాంట్లో మర్చిపోయాను. గురువారం అదృష్టం కొద్దీ అసలు రౌటర్ ఇచ్చిన నంబరే ముందు అందింది. పది యాభైకి ల్యాప్‌టాప్‌కీ మూడో రౌటర్‌కీ మధ్య అరక్షణం లైను తెగి, ల్యాప్‌టాప్ కొత్త నంబరు అడిగితే, పక్కనున్న మూడో రౌటర్ ఎటూ దారిలేని నంబరొకటి ఇచ్చింది. తలుపుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అక్క అయితే మూడుసార్లు చూసి ఉండేది. నేను ఒక్కసారి కూడా చూడలేదు.

వారం రోజులు ఎవరికీ చెప్పలేకపోయాను. సామాను కడుతున్న రోజు వెళ్లి అక్కకి చెప్పాను. టేపు చుడుతున్న చెయ్యి ఆగిపోయింది.

"నాకెందుకు చెప్తావు?" అంది. "మా అత్తయ్య వారం నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు. తలుపు తీసినందుకే నా పరీక్ష పోయిందని ఏడుస్తోంది. వెళ్లి ఆవిడకి చెప్పు."

చెప్పాను. ఆంటీ పక్కన కింద కూర్చుని, తప్పంతా నాదేనని, రౌటర్ సరిగ్గా పెట్టలేదని చెప్పాను. ఫోన్‌లో నంబర్ల ఫొటో కూడా చూపించాను.

ఆవిడ అంతా విని నా తల నిమిరింది.

"మంచోడివి నాయనా. ఈ ముసల్దాని మనసు కుదుటపడాలని తప్పు నీ మీదేసుకుంటున్నావు" అంది.

"కాదండి ఆంటీ, ఒట్టు, నిజంగా నాదే."

"ఒట్లు పెట్టకు, బాబూ. తీసింది నేను కదా."

వాళ్లు కాకినాడ వెళ్లి నాలుగు నెలలైంది. ఇంట్లో పూజ ఇప్పుడు అలేఖ్య చేస్తోందట. తారాదేవి ఆంటీ దేవుడి గది గుమ్మం బయటే కూర్చుంటోందట, ఎంత చెప్పినా లోపలికి రావడం లేదట.