సీటు మీద బైబిలు

దేవుణ్ణి నమ్మి బతకడం గురించి ప్రసంగించడానికి గుంటూరు నుంచి బోధన్ వెళ్తూ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గే. నిజామాబాద్ బస్టాండులో సీటు దొరుకుతుందన్న నమ్మకం లేక, కిటికీలోంచి బైబిలు సంచిని లోపలికి విసిరాను.

నేను ఎక్కేసరికి పక్క సీట్లోని అవ్వ, బైబిలు అంచు బయటికి కనిపిస్తున్న ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె కాళ్ల దగ్గర బియ్యం మూట ఉంది.

"సీటుకు దేవున్ని కావలి పెట్టినవా, బిడ్డా?" అని నవ్వింది.

మాట మార్చడానికి, బియ్యం ఎక్కడికని అడిగాను.

"వండినప్పుడల్లా దేవునికని పిడికెడు తీసి పెడుత. చెరుకు కొట్ట వచ్చినోళ్ల గుడిసెల ఒక పిల్లకు నిన్న కాన్పయింది. వండుకుందామంటే గింజ లేదు పాపం."

"మరి మీ ఇంట్లో?"

"ఇంట్లయి పొద్దుగాలనే ఒడిసినయ్, డబ్బ ఖాళీ. దేవుని పిడికెడు మేం ముట్టం. మా సంగతి ఆయన సూస్తడు."

బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ సంచిలోని నా పదిహేను పేజీల ప్రసంగంలో ఇంత నమ్మకం ఎక్కడా లేదు.

చెరుకు తోటల దగ్గర ఆమె దిగితే నేనూ దిగాను. నన్ను ఎగతాళి చేసినందుకు అక్కడే కక్ష తీర్చుకున్నాను. బియ్యం మూట నా నెత్తికెత్తుకుని, ఆ ప్రసంగం సంచిని గుడిసెల దాకా ఆమె చేత మోయించాను.