తెల్ల స్వెటర్ పూసిన ముద్దబంతులు

మొన్న మీరు పుణె నుంచి వీడియోకాల్ చేసి, సెలవుల్లో చేసిన ఊలు పువ్వును తెర నిండా చూపించి, పోగులు రాలిపోతున్నాయెందుకు అమ్మమ్మా అని అడిగారు కదా. నడుము గట్టిగా కట్టలేదు, అంతే. రెండు వేళ్లకు ఊలు మందంగా చుట్టి, మెల్లగా జార్చి తీసి, మధ్యలో బిగించి ముడేసి, ఆ తర్వాత రెండు పక్కల మడతలు కత్తిరించి దులిపితే పువ్వు విచ్చుకుంటుంది. చెప్పడానికి ఇంతే గానీ పిల్లలూ, ఈ విద్యతో కొత్త కోడలిగా నేను పడ్డ తిప్పలు మీకు తెలియవు.

పెళ్లయి గోదావరిఖని క్వార్టర్‌కు వచ్చాక నాకది మొదటి దసరా. మీ తాతకు బొగ్గుబాయిలో నౌకరీ వచ్చినప్పుడు, చలికాలం మొదటి షిఫ్టుకు తెల్లవారకముందే సైకిల్ మీద పోవాలి కదా అని మా అత్తమ్మ ముచ్చటపడి ఒక స్వెటర్ కొనిచ్చింది. అదీ తెల్లటిది! రెండు చలికాలాలకే బూడిద రంగుకు తిరిగి, మోచేతుల దగ్గర బొక్కలు పడి, ట్రంకుపెట్టె అడుగుకు చేరింది. నాకేమో పండుగకు గుమ్మానికి ఊలు తోరణం కట్టాలని ఆశ, బజారులో ఊలు ఉండలు కొనే స్తోమత లేదు. ఒక మధ్యాహ్నం ఆ స్వెటర్ తీసి కింది అంచు విప్పాను. ఒక్క పోగు లాగితే వరస వెంట వరస జరజరా ఊడివస్తుంటే చేతులు ఆగితేనా! పొద్దుగూకేసరికి స్వెటర్ లేదు, ఒళ్లో మెలికల ఊలు కుప్ప మిగిలింది. కుంకుడు రసంలో జాడించి, కొసకు బరువు కట్టి ఆరేస్తే మెలికలు పోయి మళ్లీ తెల్లబడింది. ఆ ఊలుతో పూలు చేసి గుమ్మానికి కట్టాను.

డ్యూటీ నుంచి వచ్చిన మీ తాత తోరణం చూసి మురిశాడు, ఊలు ఎక్కడిదో తెలిసి తల పట్టుకున్నాడు. "పండుగకు మా అవ్వ వస్తున్నది. స్వెటరేదిరా అంటే ఏం చెప్పాలె నేను?" అన్నాడు. అవ్వంటే వాళ్లమ్మ, మా అత్తమ్మే. అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. అత్తగారు కొడుక్కిచ్చిన బట్టను కోడలు వచ్చీ రాగానే పీకి పోగులు పెట్టిందంటే ఏమనుకుంటుంది?

చాలదన్నట్టు, నాలుగు రోజులకే బొగ్గు దుమ్ము పట్టి తోరణం నల్లబడింది. పక్క క్వార్టర్ అక్క నడుము మీద చేయి పెట్టుకుని, "బొగ్గుబాయి కాడ తెల్లపూలు కట్టినవేందే చెల్లే! గవి పూలా, కాకిపిల్లలా?" అని ఎగతాళి చేసింది. రోషమొచ్చి మరిగే నీళ్లలో సోడా వేసి బరబరా రుద్దాను. విచ్చుకున్న పూలన్నీ ముడుచుకుని గట్టి ఉండలైపోయాయి. ఏడుస్తూ కూర్చుంటే ఆ అక్కే వచ్చి ఒక ఉండను నొక్కి చూసి, "ఏడుస్తవెందుకు, గివి అచ్చం ముద్దబంతులే! పసుపుల ముంచరాదూ?" అంది. కొన్నింటిని పసుపు నీళ్లలో, కొన్నింటిని బతుకమ్మలో పేర్చే తెల్ల గునుగుపూలకు అద్దాలని కలిపిన నారింజ రంగులో ముంచి మళ్లీ గుమ్మానికి కట్టాం.

పండుగ ముందర అత్తమ్మ దిగింది. సంచి కింద పెట్టకుండానే గుమ్మం వైపు చూసి, "పండుగ ఇంక రెండొద్దులున్నది, ఇప్పుడే బంతిపూలు కడితివేందే? అప్పటికి వాడిపోవా?" అంది. పక్కింటి అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తమ్మ చేయి చాపి ఒక పువ్వును నలిపింది. అది నలగలేదు.

"ఊలా? ఎక్కడిదే?"

స్నానానికని పోయిన మీ తాత ఎంతకీ బయటికి రాడు. ఇక తప్పక, "నువ్విచ్చిన స్వెటరే అత్తమ్మా," అన్నాను.

ఆమె పువ్వును తిప్పి తిప్పి చూసింది. తర్వాత నవ్వింది. "బాయికి పోయేటోనికి తెల్లది కొన్నది నేను, నా తెలివి తెల్లారినట్టే ఉన్నది. వాని ఒంటి మీదిది వాని దర్వాజ మీదికొచ్చింది. ఇంట్లనే ఉన్నది గద, యాడికి పోయింది?" అని, స్నానాలగది వైపు తిరిగి, "ఇగ బయటికి రారా, నానిపోతవు!" అని కేకేసింది.

మరుసటి దసరాకు మా క్వార్టర్ల వరసలో ఆడవాళ్లంతా పాత మఫ్లర్లూ మంకీ టోపీలూ పట్టుకుని మా మెట్ల మీదికి చేరారు. ఎవరింట్లో ఏ రంగు విప్పితే ఆ గుమ్మానికి ఆ రంగు పూలు, వాటిని చూసే ఇల్లు గుర్తుపట్టేవాళ్లం. ఇప్పుడు అన్ని గుమ్మాలకూ ఒకే రకం ప్లాస్టిక్ బంతులు, దుమ్ము పడితే పారేసి కొత్తవి తెస్తారు. తప్పనను, అందంగానే ఉంటాయి. కానీ ఒకప్పుడు ఆ ఇంటి మనిషిని చలి నుంచి కాచిన పువ్వు మాత్రం ఏ గుమ్మానికీ కనబడదు.