జాల్యన్న అడగమన్నవి

జాల్యన్నను ట్రైనింగ్ గదిలోంచి బయటికి పంపింది ఒకే ఒక్క మాటకు. అది తిట్టు కాదు, అబద్ధం కూడా కాదు. అయినా పంపారు.

భూపాలపల్లి బొగ్గు గనిలో మట్టి తీసే కాంట్రాక్టు కంపెనీ మాది. మనిషిని మించిన ఎత్తు టైర్లుండే డంపర్లను బాగుచేసే షెడ్డులో జాల్యన్న పాత మెకానిక్. నేను కొత్తగా చేరిన డిప్లొమావాణ్ణి. ఆ ఏడాది కంపెనీ కొత్తరకం డంపర్లు కొన్నది. వాటి ఇంజన్‌ను నడిపించేది చిన్న కంప్యూటర్ పెట్టె. ల్యాప్‌టాప్ తగిలించి చూస్తే తప్ప బండికి వచ్చిన రోగమేమిటో తెలియదు. అది నేర్పడానికి బండ్లు తయారుచేసిన కంపెనీ ఒక ట్రైనర్‌ను పంపింది. కోస్తా జిల్లాల మనిషి. పదిరోజుల క్లాసు, చివర పరీక్ష. పాసైనవాళ్లు షెడ్డులో ఉంటారు, మిగిలినవాళ్లు టైర్ల యార్డుకు పోతారు. టైర్ల యార్డు అంటే ఎండలో నిలబడి గాలి కొట్టడం, బోల్టులు బిగించడం, జీతంలో ఒక మెట్టు కిందికి దిగడం. గోడకు మాత్రం ‘నేర్చుకునే చేతులే సంస్థకు బలం’ అని ఫ్లెక్సీ కట్టారు.

మొదటిరోజు సగం క్లాసు అయ్యాక, ఎవరికైనా సందేహాలున్నాయా అని ట్రైనర్ అడిగాడు. అందరం నోటు పుస్తకాల్లోకి తలలు దించాం. అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టు. తెలియనివాడు పోయేది ఎక్కడికో అందరికీ తెలుసు. అప్పుడు జాల్యన్న లేచాడు.

“సార్, నాదొక సవాల్.”

గది గొల్లుమన్నది. ట్రైనర్ ముఖం ఎర్రబడింది. “నాకే సవాలా?”

“మీకే సార్. మీరే గద చెప్పేది.”

అది ఇంకా పెద్ద పొగరులాగా వినబడింది. ట్రైనర్ చివరి వరుసలో కూర్చున్న మా వర్క్‌షాప్ మేనేజర్ రాజలింగం వైపు చూశాడు. “ఇలాగైతే నేను చెప్పలేనండీ” అన్నాడు. రాజలింగం లేచి నిలబడ్డాడు. “జాల్యా, బయటికి నడువు. నీ పేరు కొట్టేస్తున్న” అన్నాడు.

జాల్యన్నది నర్సింహులపేట దగ్గర తండా. ఇంట్లో లంబాడీ భాష. తెలుగు బాగా వంటబట్టింది మహబూబాబాద్‌లో, ఖాజా ఉస్తాద్ డీజిల్ షెడ్డులో పని నేర్చుకున్నప్పుడు. ఆ షెడ్డులో ప్రశ్నకున్న పేరు సవాల్. ఉర్దూ మాట. ట్రైనర్‌కు సవాలు అంటే విసిరేది, నాకూ అంతే. మనిషి తగాదాకు దిగాడనుకున్నాను, మనసులో మెచ్చుకున్నాను కూడా. కానీ రాజలింగానికి ఆ మాట తెలుసు. ఆయనది ఈ మట్టే. ఎవరైనా జీతం గురించి అడగబోతే “నాతోటి సవాల్ జవాబ్ పెట్టుకోకు” అని రోజూ అనేది ఆయనే. ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. చెప్పలేదు. ప్రతిదానికీ ఎందుకు, ఎట్ల అని అడిగే మనిషి దూరమైతే ఆయనకు సుఖం. ఆ మౌనం మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశం కూడా లేదు.

ఆ సాయంత్రం షిఫ్టు దిగాక నేను, మా బ్యాచ్‌లోనే ఉన్న ఎలక్ట్రీషియన్ శోభారాణి ఆగివున్న డంపర్ నీడలో చాయ్ తాగుతున్నాం. జాల్యన్న వచ్చి మా పక్కన చతికిలబడ్డాడు. ఓదార్పు మాటలు వెతుక్కుంటున్నాను. ఆయనకు అవి అక్కర్లేదు.

“ఏం చెప్పిండు జీవన్, నేను పోయినంక?”

“సెన్సార్ల గురించి చెప్పిండన్నా.”

“గదే, ఏం చెప్పిండు?”

ఇంజన్ వేడెక్కితే సెన్సార్ ఆ సంగతి పెట్టెకు చెప్తుందనీ, పెట్టె డీజిల్ తగ్గిస్తుందనీ, బండి తనంతట తానే మెల్లగవుతుందనీ గడగడా ఒప్పజెప్పాను.

“సెన్సార్ అబద్ధం చెప్తే?” అన్నాడు.

శోభారాణి చాయ్ గ్లాసు కింద పెట్టింది.

“సెన్సార్ ఎందుకు అబద్ధం చెప్తదన్నా?” అన్నది. “దానికేమన్న పెండ్లి సంబంధం చూస్తున్నరా?”

“నవ్వుతె నవ్వు. అది చెప్పేది నిజమో అబద్ధమో మనకెట్ల తెలుస్తది? రేపు అడిగి రాండ్రి.”

“నేనైతే అడగ” అన్నాను. “నన్ను గూడ ఎల్లగొడ్తడు.”

“నువ్వు పుస్తకాల తెలుగుల అడుగు. దినమంతా చదువుతనే ఉంటవ్ గద, ఇంకెందుకు పనికొస్తది?”

మరునాడు లేచి, “సార్, చిన్న సందేహం” అన్నాను. ట్రైనర్ తెర మీద నడుస్తున్న బొమ్మలు ఆపేసి మార్కర్ తీసుకున్నాడు. రాత్రంతా ఆగివున్న బండిలో పొద్దున ఇంజన్ స్టార్ట్ చేయకముందు నీళ్లు, నూనె, గాలి అన్నీ ఒకే చల్లదనంలో ఉంటాయి. కాబట్టి అప్పుడు వేడి కొలిచే సెన్సార్లన్నీ దాదాపు ఒకే అంకె చూపాలి. ఏది వేరుగా చూపితే దాన్ని అనుమానించాలి. బోర్డు మీద గీస్తూ ఇదంతా చెప్పాడు. అంతదాకా ఒంటికి బరువుగా ఉన్న క్లాసు ఆ గంటలో నిజంగా క్లాసయింది.

సాయంత్రం జాల్యన్నకు జవాబు చెప్పాం. ఆయన ఇంకో రెండు ప్రశ్నలు మా చేతిలో పెట్టి పంపాడు. అట్లా రోజూ. నాలుగోరోజుకు మిగతావాళ్లు కూడా ఆ నీడలోకి చేరారు. నేను సొంతంగా చాలా చదువుకున్నవాణ్ణి, పుస్తకాలే గురువులనుకున్నవాణ్ణి. ఏ పుస్తకమూ నన్ను నడిమధ్యలో ఆపి “అంటే ఎట్ల?” అని అడగలేదు. నాకు అర్థమైందనుకున్నది జాల్యన్న ముందు చెప్పబోతే సగానికే తెగిపోయేది. దాంతో మరునాడు క్లాసులో పాసవడం కోసం కాక, ఆయనకు చెప్పడం కోసం వినేవాణ్ణి. వినడంలో ఇంత తేడా ఉంటుందని అప్పుడే తెలిసింది.

పరీక్షకు ముందురోజు ట్రైనర్ మమ్మల్ని మెచ్చుకున్నాడు. “ఎన్నో చోట్ల చెప్పాను. ఇలాంటి ప్రశ్నలు ఎక్కడా రాలేదు. ఇంటికెళ్లి ఏం చదువుతున్నారు మీరంతా?”

శోభారాణి లేచింది. “ఇవి మావి కావు సార్. మా జాల్యన్న అడగమన్నవి.”

“ఎవరు, ఆ సవాలు విసిరినాయనా?”

“విసరలే సార్. ఉర్దూల సవాల్ అంటే ప్రశ్న. మా రాజలింగం సార్‌కు ఎరుకే, అడుగుండ్రి.”

రాజలింగం ఫోన్లోంచి తల ఎత్తకుండానే, “ఆ, అట్ల గూడ అంటరు” అన్నాడు.

ట్రైనర్ మార్కర్‌కు మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. “ఆయన్ని రేపు పరీక్షకు పంపండి.”

“పేరు కొట్టేసినం సార్. హెడ్డాఫీసుకు గూడ పంపినం.”

“పరీక్ష పెట్టేది నేను. పేరు నేను రాసుకుంటాను.”

రాత పరీక్ష ఇంగ్లీషులో ఉంటే ట్రైనర్ ఒప్పుకోలుతో శోభారాణి జాల్యన్నకు తెలుగులో చదివి వినిపించింది. కష్టం బండి దగ్గర వచ్చింది. ముందురోజు నుంచి ఆగివున్న డంపర్‌లో ట్రైనర్ ఒక లోపం పెట్టాడు. దాన్ని కనుక్కోవాలి. జాల్యన్నకు మేం అన్నీ నోటితో చెప్పాం గానీ ల్యాప్‌టాప్ ఆయన ఎన్నడూ ముట్టలేదు. ఏదో నొక్కాడు, తెర మూసుకుపోయింది. వెనకనుంచి రాజలింగం సన్నగా దగ్గాడు. టైర్ల యార్డు అక్కడికి కూతవేటు దూరంలోనే కనిపిస్తోంది.

జాల్యన్న ట్రైనర్ వైపు తిరిగాడు. “సార్, గిది నాకు తెల్వది. ఎట్ల తెరవాలె?”

“పరీక్షలో అడక్కూడదండీ.”

“మరి ఏడ అడగాలె సార్? క్లాసుల అడిగితె ఎల్లగొట్టిన్రు.”

ట్రైనర్ ముందుకు వచ్చి తానే తెర తెరిచి పెట్టాడు. “దీనికి మార్కులు కోస్తాను” అన్నాడు.

“కోసుకోండ్రి సార్.”

ఇక తొందరపడలేదు. అంకెలు శోభారాణితో ఒక్కొక్కటీ చదివించుకున్నాడు. నూనె చల్లగా, గాలి చల్లగా ఉన్నాయి. నీళ్లు మాత్రం మరుగుతున్నట్టు చూపిస్తోంది. అరచేయి ఇంజన్ మీద పెట్టి చూశాడు. “నీళ్ల సెన్సార్ అబద్ధం చెప్తున్నది సార్” అన్నాడు. అత్తెసరు మార్కులతో పాసయ్యాడు. పాసయ్యాడు, అంతే చాలు. షెడ్డులో ఉండిపోయాడు.

పోయేముందు ట్రైనర్ ఆయన దగ్గరికి వచ్చి, “ఆరోజు మీ మాట వినిపించుకోలేదు జాల్యా గారూ” అన్నాడు. “ఇప్పుడు విన్నరు గద సార్” అన్నాడు జాల్యన్న. ఆ మాత్రమైనా రాజలింగం అనలేదు. పైగా వచ్చినవాళ్లందరికీ జాల్యాను తయారుచేసింది తానేనని చెప్పుకున్నాడు. ఇప్పటికీ చెప్పుకుంటున్నాడట.

నాకు ఒకచోట కాలు నిలవదు. భూపాలపల్లి వదిలేసి, జనగామ దగ్గర మా రఘునాథపల్లి రోడ్డు మీద లారీల సర్వీస్ సెంటర్‌లో చేరాను. కొత్తగా చేరేవాళ్లకు పని నేర్పేది ఇప్పుడు నేనే. నేను చెప్పింది రాసుకోనివ్వను. పక్కవాడికి చెప్పమంటాను. వాడు అడ్డుపడి ప్రశ్నలు అడగాలి. ఇదెక్కడ నేర్చుకున్నావని మా యజమాని అడిగితే జాల్యన్న పేరు చెప్పాను. ఏ కాలేజీ అని అడిగాడు.

పోయిన నెల మహబూబాబాద్ బస్టాండులో జాల్యన్న కనిపించాడు. తండా నుంచి తిరిగి డ్యూటీకి పోతున్నాడు. ఎప్పటినుంచో చెప్పాలనుకున్నది చెప్పేశాను. “అన్నా, నువ్వు ఆ పది దినాలు మమ్మల్ని సతాయించకుంటే నేను ఈ పనికి వచ్చేటోన్ని కాదు.”

ఆయన ఆ మాటను చేత్తో పక్కకు తోసేశాడు. షెడ్డుకు కరెంటు డంపర్లు వస్తున్నాయనీ, డీజిల్ ఇంజనే ఉండదనీ, మళ్లీ క్లాసు, మళ్లీ పరీక్ష పెడతారనీ చెప్పాడు. నీకేం భయమన్నాను. భూపాలపల్లి బస్సు కదులుతుంటే ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

“భయం లేకేంది, మస్తున్నది. మీ కాడికి కరెంటు బండ్లు వస్తున్నయంట గద. వచ్చే ఐతారం నేనే వస్త. ఈసారి నువ్వే నాకు మొదటి సంది చెప్పాలె. ‘అన్నకు తెలుసు తియ్’ అని నడుమల ఏం ఇడిసిపెట్టకు.”