నిద్రలో పనిచేయని వేలు

కొనడానికి వచ్చినవాడు దేవుడని లక్ష్మీప్రియ ఏనాడూ ఒప్పుకోలేదు. దేవుడైతే ఇంతసేపు నిలబెట్టడు, ఇన్ని ఫోన్లు విప్పించడు, చివరికి ‘మా బామ్మర్దిని తోడుకొని వస్తా’ అని జారుకోడు అంటుంది. గిద్దలూరు బస్టాండు ఎదురుగా ఉన్న సెల్‌ఫోన్ల దుకాణంలో బల్ల వెనక నిలబడి ఆమెకు పదేళ్లు దాటింది. అంతకుముందు అది స్టీలు సామాన్ల దుకాణం. మామగారు చంద్రశేఖరరావు బిందెలు, క్యారియర్లు అమ్మేవాడు. పామూరు నూనె వ్యాపారి కూతురు, కంప్యూటర్లు చదివిన పిల్ల కోడలిగా వచ్చాక బిందెలు అటకెక్కాయి, ఫోన్లు అద్దాల బల్లలోకి దిగాయి. భర్త కిషోర్ సరుకు కోసం ఊళ్లు తిరుగుతాడు. మామగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లకు నీతులు చెబుతాడు. అమ్మేది మాత్రం ఆమె.

అమ్మే కొద్దీ ఆమెకు మనుషుల మీద గౌరవం తరుగుతూ వచ్చింది. కెమెరా ఎట్లుందక్కా అని అడగనివాడు లేడు. ఆ కెమెరాతో ఏం తీస్తారయ్యా అంటే, బిర్యానీ ప్లేటు తీస్తారు. ఇంకొకరి పెళ్లికి పోయి తమను తాము తీసుకుంటారు. బోరులో నీళ్లు పడితే తీస్తారు, అదొక్కటి నయం. కొనేముందు ప్రతి ఫోనుతోనూ మొహం తీసుకుని చూస్తారు. ఏది తెల్లగా చూపిస్తే అదే మంచి కెమెరా. చామనఛాయ మనిషిని చామనఛాయగానే చూపించే ఫోను ఒకటి ఒకప్పుడు వచ్చింది. అద్దాల బల్లలో అది దుమ్ము పట్టింది గానీ ఒక్కడూ కొనలేదు. ఉన్నది ఉన్నట్టు చూపించే సరుకును ఈ తాలూకాలో అమ్మలేమని ఆమె దాన్ని తిప్పి పంపింది.

సోకు సంగతి ఇంకా ఘోరం. ఫోను అప్పడంలా పల్చగా ఉండాలి, అంచులు వంపు తిరగాలి, వీపు నెమలి మెడలా మెరవాలి. రంగుల కోసం మొగుడూ పెళ్లాలు బల్ల ముందే తగువులాడుకుంటారు. తీరా కొన్న మరుక్షణం దానికి టైరు ముక్కంత మందం రబ్బరు కవరు తొడిగిస్తారు. పెళ్లికూతురి మొహం చూసి ముచ్చటపడి, తాళి కట్టగానే గోనెసంచి కప్పినట్టు.

ఇక తాళం. ఫోను ఐదు వేళ్లను గుర్తుపెట్టుకుంటుంది. ఒక వేలికి చెమట పడితే ఇంకొకటి, అదీ తెగితే మరొకటి అని ఒకే మనిషి కోసం కంపెనీవాళ్లు పెట్టిన వెసులుబాటు అది. ఇక్కడ ఐదు వేళ్లంటే ఐదుగురు మనుషులు. పెళ్లాం కోసమే కొంటున్నా అని ఊరంతా వినేట్టు చెప్పినవాడు కూడా మొదట తన వేలు ఎక్కిస్తాడు. తర్వాత తల్లి వేలు, తర్వాత కొడుకు వేలు. చోటు మిగిలితే ఫోను ఎవరిదో ఆమె వేలు. పొలం పంపకాల్లో కూడా ఇంత పట్టింపు ఉండదు. లక్ష్మీప్రియ అడిగినన్ని వేళ్లు ఎక్కించి, మనసులో అందరినీ తిట్టుకునేది.

ఆ శుక్రవారం విజయవాడ నుంచి కంపెనీ మనిషి వంశీ వచ్చాడు. వచ్చే ఏడాది ఫోన్లు ఎలా ఉంటే జనానికి నచ్చుతాయో అడిగి తెలుసుకుని, చేతిలోని ట్యాబులో ఎక్కించుకుపోవడం అతని ఉద్యోగం. మొదట దొరికింది నరసింహం. బస్సు కండక్టరుగా రిటైరై, రోజూ పేపరు చదవడానికి దుకాణానికి వచ్చే మనిషి.

“పెద్దాయనా, కొత్త ఫోన్లో కెమెరా ఎలా ఉండాలంటారు?”

“నోరు తెరవకుండానే నవ్వినట్టు పడాల నాయనా. పండ్లు లేవు గదా.”

“డిజైను?”

“చేతిలో నుంచి జారకుంటే చాలు. సబ్బుబిళ్ల మాదిరి చేసి పెట్టినారు.”

“మరి అన్‌లాక్?”

“నాకు తాళమెందుకప్పా? నా ఫోన్లో చూసేటందుకు ఏముంది, నా మొగమా?”

వంశీ అదంతా ఎంతో శ్రద్ధగా ఎక్కించుకున్నాడు. బళ్లో పిల్లలు కూడా ఇంత శ్రద్ధగా రాయరని లక్ష్మీప్రియ అనుకుంది.

అప్పుడు కొమరోలు బస్సు దిగి హన్నా వచ్చింది. కూలికి పోయే మనిషి, పదో తరగతి దాకా చదివింది. పోయిన క్రిస్మసుకు ఆమె భర్త గిద్యోను మేస్త్రీ ఇదే బల్ల ముందు నిలబడి ఆమెకు ఫోను కొనిపెట్టాడు. తన వేలు ముందు, ఆమె వేలు తర్వాత. చర్చిలో సంఘ పెద్ద కూడా కాబట్టి కొన్నాక అక్కడే కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. మామగారు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

హన్నా చుట్టూ చూసి, బల్ల మీదికి వంగి, మెల్లగా అడిగింది.

“అక్కా, నేను నిద్రపోయినప్పుడు నా వేలు పని చేయకుండా పెట్టొచ్చునా?”

వంశీ ట్యాబు మీద నుంచి తలెత్తాడు. లక్ష్మీప్రియకు మొదట నవ్వొచ్చింది. తర్వాత అర్థమై, నవ్వు ఆగిపోయింది.

“నీ వేలు ఎవరు వాడుతున్నారే?”

“ఆయనే. ఆయన వేలు తీసేయించినా. అప్పట్నుంచి నేను నిద్రపోయినాక నా బొటనవేలు పట్టుకొని ఫోనుకు ఆనిస్తాండాడు. ఎద్దు మాదిరి నిద్ర నాది. తెలియదు.”

“తెలియకపోతే ఎట్ల తెలిసింది?”

హన్నా చెప్పింది. వాళ్ల కూతురు దీవెన మార్కాపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆ హాస్టల్లోనే వంటమనిషి పని ఉందని వార్డెనమ్మ మెసేజ్ పెట్టింది. హన్నా చూడకముందే గిద్యోను చూశాడు. చూసి, ఆమె పెట్టినట్టే ‘నాకు వీలుపడదు మేడం’ అని జవాబు పెట్టి, రెండూ చెరిపేశాడు. ఆ పని వేరే ఆమెకు పోయింది. నెల తర్వాత కూతుర్ని చూడబోతే వార్డెనమ్మ ఎందుకు రానంటివని నిలదీసింది. అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఆ వంటామె మానేస్తోంది. రేపో ఎల్లుండో మళ్లీ మెసేజ్ వస్తుంది. ఈసారీ పోతే ఇక లేదు.

“నేరుగా వద్దని చెప్పొచ్చు గదా మీ ఆయన?”

“ఎట్ల చెబుతాడక్కా? ఆదివారం ఆదివారం సంఘంలో నిలబడి, మా ఇంట్లో అనుమానం లేదు, ఆడామగా సమానం అని సాక్ష్యం చెబుతాడు. నోరు తెరిచి వద్దంటే ఆ మాట పోతాది.”

గల్లాపెట్టె దగ్గర్నుంచి మామగారి గొంతు వినిపించింది. “ఆలుమగల మధ్య తాళాలేందమ్మా? దాపరికం మొదలైతే సంసారం నిలవదు.”

ఇలాంటి మాటలకు చంద్రశేఖరరావుకు సమయం చూసుకోవాల్సిన పని లేదు. బిందెలు అమ్మినప్పుడూ చెప్పాడు, ఫోన్లు అమ్ముతున్నప్పుడూ చెబుతున్నాడు. లక్ష్మీప్రియ వెనక్కి తిరిగింది.

“అట్లనా మామయ్యా? అయితే మీ ఫోన్ ఇట్లియ్యండి. అత్తయ్యకు పంపిస్తా, సాయంత్రం దాకా చూసుకుంటాది.”

పెద్దాయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. “నా ఫోన్లో వ్యాపారం సంగతులుంటాయి.”

“హన్నా ఫోన్లో గూడా అవే ఉంటాయి.”

నరసింహం పేపరు అడ్డం పెట్టుకుని దగ్గాడు. వంశీకి హుషారొచ్చింది. “మేడం, మా ఫోన్లలో దీనికి ఫీచర్ ఉంది! ఫేస్ లాక్ పెట్టి, కళ్లు తెరిచి ఉంటేనే తెరుచుకునేలా చేయొచ్చు.”

“ఉంది నాయనా. ఏడు తలుపుల వెనక దాచిపెట్టినారు. పైగా దాన్ని మూసిపెట్టి అమ్ముతున్నారు. మొహం తెల్లగా చేసే మీట మాత్రం ముందర్నే, బొట్టుబిళ్ల మాదిరి పెట్టినారు.”

వంశీ ఆ మాట ఎక్కించుకోలేదు. దానికి అతని ట్యాబులో గడి లేనట్టుంది.

లక్ష్మీప్రియ హన్నా వేళ్లన్నీ తీసేసింది. మొహం ఎక్కించింది. కళ్లు తెరిస్తేనే తెరుచుకోవాలన్న మీట వెతికి నొక్కింది. కళ్లు మూసుకోమంది. ఫోను తెరుచుకోలేదు. తెరవమంది. తెరుచుకుంది. మొహం కుదరనప్పటికి ఒక నంబరు పెట్టుకోవాలి, ఎవరికీ చెప్పకు, నాకూ చెప్పకు అని తను అటు తిరిగి నిలబడింది.

“నంబరెంతని అడిగితే?”

“అడగడక్కా,” అంది హన్నా. “అడగాలంటే ఆయనకు నామోషీ.”

సోమవారం పొద్దున్నే గిద్యోను దిగాడు. తెల్ల చొక్కా, తలకు నూనె. దుకాణంలో నలుగురున్నారు. మామగారు లేచి నమస్కారం పెట్టాడు.

“అక్కా, మీరిచ్చిన ఫోన్ చెడిపోయినాది.”

“ఏ ఫోనన్నా?”

“హన్నాది. తెరుచుకోవడం లేదు.”

“వేలు తీసేసి మొహం పెట్టించుకున్నాది. మొహం చూపిస్తే తెరుచుకుంటాది.”

“చూపిస్తే గూడా తెరుచుకోలేదనే గదా చెబుతాండా.”

“ఎవరు చూపించినారు?”

“నేనే ఆమె మొహానికి ఎదురుగా పట్టుకున్నా.”

“మరి ఆమె ఏం చేస్తాండె?”

గిద్యోను చొక్కా కాలరు సర్దుకున్నాడు. నరసింహం పేపరు మడిచి తొడ మీద పెట్టుకున్నాడు.

“నిద్రపోతాండాదేమోలే,” అన్నాడు, ఎంతో సాయం చేస్తున్నట్టు.

“అదేనన్నా,” అంది లక్ష్మీప్రియ. “ఫోన్‌కేం జబ్బు లేదు. ఆమె కళ్లు తెరిస్తే తెరుచుకుంటాది. లేపి అడిగితే సరిపోయేది. మీ ఇంట్లో దాపరికం లేదంట గదా.”

ఎవరో కిసుక్కుమన్నారు. సంఘ పెద్ద మెడ మీద చెమట పట్టింది. కోపం తెచ్చుకుందామంటే, దేనికి కోపమొచ్చిందో చెప్పాలి. చెబితే రాత్రి చేసిన పని చెప్పాలి. ఎన్నో గోడలు కట్టిన మేస్త్రీ, తాను కట్టుకున్న గోడకే తల ఆనించి నిలబడ్డాడు.

అదే సమయానికి మార్కాపురం పోయే బస్సు బస్టాండులోకి వచ్చి ఆగింది. దానిలోంచి హన్నా దిగింది. చంకలో సంచి. అక్కకు చెప్పిపోదామని గబగబా రోడ్డు దాటి గడప ఎక్కింది. ఎక్కాక భర్తను చూసింది. చంకలోని సంచి బిగించి పట్టుకుంది. లక్ష్మీప్రియ బల్ల వెనక నుంచి ఇవతలికి వచ్చింది. ఇంత జనం ముందు ఆ మనిషి చెయ్యెత్తితే ఏం చేయాలో ఆమె ఆలోచించి పెట్టుకోలేదు.

“నిన్న పొద్దున మెసేజ్ వచ్చినాది,” అంది హన్నా, గిద్యోను కళ్లలోకి చూసి. “మార్కాపురం పోతాండా. హాస్టల్లో వంట పని. దీవెన దగ్గరే ఉంటా. శనివారం సాయంత్రం వస్తా.”

ఇంట్లో ఉండి ఉంటే అతను ఏమనేవాడో అందరికీ తెలుసు. కానీ ఇది ఇల్లు కాదు. నలుగురూ అతని మొహమే చూస్తున్నారు. నరసింహమైతే టిక్కెట్టు కొట్టేవాడిలా మెడ సాచి మరీ చూస్తున్నాడు.

గిద్యోను గొంతు సవరించుకున్నాడు. తర్వాత దుకాణం వైపు తిరిగి, ఆదివారం గొంతుతో అన్నాడు.

“నేనే పంపిస్తాండా. ఆడామగా సమానమని చెప్పేది ఊరికే కాదు గదా. బిడ్డ గూడా ఆడనే చదువుతాంది.”

హన్నా సంచి అతని చేతికిచ్చింది. అతను పట్టుకున్నాడు. ఇద్దరూ రోడ్డు దాటారు. బస్సులో ఆమెకు సీటు పట్టింది కూడా అతనే, కిటికీలోంచి తువ్వాలు వేసి.

“చూసినావామ్మా,” అన్నాడు మామగారు కళ్లు చెమర్చగా. “దాంపత్యమంటే అట్ల ఉండాల.”

లక్ష్మీప్రియ బస్సు కదిలేదాకా గడపలోనే నిలబడి ఉంది. కిటికీ కింద గిద్యోను ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, పక్క సీట్లవాళ్లకు కూడా వినిపించేటట్టు. అతని మాట పూర్తి కాకముందే బస్సు కదిలింది. హన్నా చెయ్యి ఊపి, కిటికీ రెక్క దించేసుకుంది.