ఇండెంట్‌లో రాయని బెజ్జం

నేను రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు, జూన్ నెల మొదటి సోమవారం నాడు దమ్మపేటలో చేరాను. ఆర్డరులో నా హోదా సీనియర్ క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్. పని మాక్రమే శిక్షణ, మూడు నెలలు, ఇరవై రెండు మంది మహిళలకు. ఖమ్మం కార్యాలయంలో నా పైన సూపరింటెండెంట్, ఆయన పైన జిల్లా అధికారి. నా కింద ఎవరూ లేరు. కాబట్టి పొద్దున్నే శిక్షణా కేంద్రం తాళం తీయడం, ఊడవడం, పాఠం చెప్పడం, నివేదిక రాయడం అన్నీ నావే. ఖమ్మంలో మా ఇల్లున్న ఖానాపురం హవేలి నుంచి రోజూ తిరగడం నా నడుముకు పడదని అక్కడే ఒక గది కిరాయికి తీసుకున్నాను.

మాక్రమే అంటే సూది, మగ్గం ఏవీ లేకుండా వట్టి చేతులతో తాళ్ళకు ముళ్ళు వేసి వస్తువులు తయారుచేయడం. పూలకుండీలకు ఉట్లు, గోడ మీద అలంకరణలు, గుమ్మాలకు తెరలు, ఇలాంటివన్నీ. చూడ్డానికి చిక్కుగా ఉంటుంది గానీ నాలుగైదు రకాల ముళ్ళు చేతికి వస్తే దాదాపు పని వచ్చినట్టే. మధ్య మధ్య గుచ్చే పూసలే వస్తువుకు కళ తెస్తాయి. "పూసను ఎంచుకోవడం తెలిస్తేనే పనిమంతురాలు" అని మొదటి రోజే బోర్డు మీద రాశాను. ఆ వాక్యం నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

ఇరవై రెండు మందిలో సరోజన అనే ఆమె ముందు వరసలో కూర్చునేది. నలభై దగ్గర వయసు, గట్టి గొంతు. ఆమె భర్త వీరభద్రానికి ఆయిల్ పామ్ తోట ఉంది. పెళ్ళాం తాళ్ళు పేనడం నేర్చుకోవడానికి మూడు నెలలు పోతోందంటే ఆయనకు నవ్వు.

"పలుపులు పేనుడుకు గవర్నమెంటు టీచరెందుకే, మా అయ్య నేర్పకపోయెనా అంటుండు మేడమ్" అని రెండో రోజే అందరి ముందూ చెప్పింది. పలుపు అంటే ఎడ్లను కట్టే తాడు. తోటలో గెలలు కోసే పని మొదలవుతోందని, తనకు మనిషి తక్కువని ఆయన సతాయిస్తున్నాడట. నిజంగా ఎవరైనా ఆర్డరిస్తే ఆ పని అయ్యేదాకా రానిస్తానని, లేకపోతే మానెయ్యమని ఒప్పందం. సరోజన మానేస్తే ఆమె వీధి నుంచి వచ్చే మరో ఏడుగురూ మానేస్తారు. పదిహేను మందికి తగ్గితే మా కార్యాలయం బ్యాచ్‌ను మూసేస్తుంది. అంటే నా మూడు నెలల శిక్షణ వీరభద్రం గారి చేతిలో ఉంది.

అదృష్టం కొద్దీ నాలుగో వారంలో ఆర్డరు దొరికింది. భద్రాచలంలో లాడ్జి, భోజనశాల నడిపే వెంకటరత్నం గారు చుట్టాల ఇంటికి వచ్చి, మా శిక్షణా కేంద్రం వరండాలో వేలాడుతున్న తెర చూసి ఆగారు. ఆయన పూర్వీకులు గోదావరి జిల్లా నుంచి వచ్చినవాళ్ళు. మాట మర్యాదగా ఉంటుంది గానీ పట్టు గట్టిది.

"మా భోజనశాలకి ఆరు గుమ్మాలండీ. ఆరింటికీ పూసల తెరలు కావాలి. శ్రావణం వచ్చిందంటే జనం తోసుకొస్తారు, ఈలోపల కట్టెయ్యాలి. ఆలస్యమైతే బజార్లో ప్లాస్టిక్‌వి తెచ్చుకుంటాను, ఏమనుకోకండి" అన్నారు.

ఆ సాయంత్రమే ఇండెంట్ రాశాను. శిక్షణకు ఏ సామాను కావాలన్నా ఇండెంట్ అనే కోరిక పత్రం రాసి సూపరింటెండెంట్‌కు పంపాలి. వస్తువు పేరు, కొలత, రంగు, ఎన్ని కావాలో స్పష్టంగా ఉండాలి. ఆయన సంతకం పెడితే సరఫరాదారు అచ్చంగా అందులో ఉన్నదే పంపుతాడు, అక్షరం ఎక్కువ ఉండదు, తక్కువ ఉండదు. నేను రాసింది ఇది: "పూసలు, గాజువి, గుండ్రనివి, పదహారు మిల్లీమీటర్లు, తేనె రంగు, మొదటి రకం, పన్నెండు వందలు." ముప్పై ఏళ్ళ అనుభవంతో, పొందికైన దస్తూరీతో రాశాను.

వారం తిరక్కుండా సంచీ వచ్చింది. విప్పితే గది వెలిగింది. నిజంగా తేనె చుక్కల్లా ఉన్నాయి. ఆడవాళ్ళంతా గుప్పిళ్ళతో తీసి వెలుతురుకు పట్టి చూశారు. సరోజన మాత్రం ఒక పూస తీసి, తాడు కొస దాని మీద పెట్టి, ఇటు తిప్పి అటు తిప్పి, ఒక కన్ను మూసి చూసింది.

"మేడమ్, దీనికి బొక్క పొడిచింది మనిషేనా, దోమనా?"

అందరూ నవ్వారు. నేను వెళ్ళి చూశాను. బెజ్జంలో కుట్టుమిషన్ దారం పడుతుంది. మా తాడు నాలుగు మిల్లీమీటర్ల మందం. అలాంటివి రెండు కలిపి ఒకే పూసలోంచి పోవాలి.

అప్పుడు నేను చేయాల్సిన పని ఒక్కటే, ఇండెంట్‌లో బెజ్జం కొలత రాయడం మరిచానని ఒప్పుకోవడం. నేను దానికి బదులు, "దీనికో పద్ధతి ఉంది" అన్నాను. తాడు కొసకు మైనం పూయించాను. జిగురు పెట్టి సూదిమొనలా నలిపించాను. గోళ్ళ రంగు పూసి గట్టిపరిచి చూశాము. తాడు పోగులు విప్పి మూడో వంతుకు తగ్గిస్తే మధ్యాహ్నానికి ఒక పూస ఎక్కింది. ఎక్కింది గానీ మళ్ళీ పైకీ రాలేదు, కిందికీ పోలేదు. భోజనాల తర్వాత కత్తెరతో కోసి దాన్ని విడిపించాము.

మర్నాడు సరోజన ఇంటి నుంచి చేతి డ్రిల్లు తెచ్చింది. గాజు పెంకు కంట్లో పడుతుందని భర్త మోటారుసైకిల్ హెల్మెట్ కూడా తెచ్చి, పెట్టుకుని, అద్దం దించి కూర్చుంది. మొదటి పూస ఫటేలుమని పేలాల గింజలా పగిలి గోడకు కొట్టుకుంది. రెండోదీ అంతే. నాలుగో పూసకు హెల్మెట్ లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది: "ఇంకెన్ని పగలగొట్టాలె మేడమ్? పన్నెండు వందలా?"

ఆపించాను. మూడో రోజు సూపరింటెండెంట్ గారికి ఫోన్ చేశాను. కోటేశ్వరరావు గారు నెమ్మదిగా మాట్లాడే మనిషి, కాగితం లేకుండా ఊపిరి కూడా తీసుకోరు. "సార్, పూసలకు రంధ్రాలు చిన్నవి వచ్చాయి" అన్నాను, పొరపాటు రవాణాలో ఎక్కడో జరిగిందన్నట్టు. ఆయన ఫైలు తెప్పించుకున్నారు. నా ఇండెంట్ నాకే చదివి వినిపించారు, కామాలతో సహా.

"ఇందులో రంధ్రం అన్న మాటే లేదు కదమ్మా. పూస అన్నారు కాబట్టి పాపం సరఫరాదారు తనంతట తనే ఒకటి పెట్టి పంపాడు" అన్నారు.

కోరినట్టే వచ్చిన సామాను వాపసు చేయడానికి నియమాలు ఒప్పుకోవు. నేను ఫోన్ పెట్టేసి వెళ్ళి, తరగతిలో అందరికీ తప్పు నాదేనని చెప్పాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. వాళ్ళకు మొదటి రోజే తెలుసట. "మీరే చెప్తరని చూస్తున్నం" అంది సరోజన.

గాజుపూసలను సన్న దారంతో తాళంచెవుల గుత్తులు చేయడానికి పెట్టి, నేనూ సరోజనా సత్తుపల్లి బస్సెక్కాము. ఆమె తాడు ముక్కలు రెండు కలిపి మడిచి చేతిలో పట్టుకుంది. గాజుల దుకాణాల్లో ప్రతి పూసనూ దానితో పొడిచి చూడడమే. "పూసలు కొంటరా, చెవులు కుడుతున్నరా?" అని ఒక దుకాణందారు విసుక్కున్నాడు. ఐదు దుకాణాలు తిరిగాక ఒకచోట తాడు సుళువుగా దూరింది. నీలం రంగు పింగాణీ పూసలు, ఒక్కొక్కటీ నిమ్మకాయంత. ఎడ్ల మెడలో కట్టేవి.

"వద్దు మేడమ్, మా ఆయన మాట నిజం చేసినట్టయితది" అంది సరోజన.

బెజ్జం దొరికిన ఆనందంలో నేను వినలేదు. ఒక గుమ్మానికి సరిపడా కొన్నాను. మూడు రోజుల్లో నమూనా తెర తయారైంది. ఇద్దరమే భద్రాచలం తీసుకెళ్ళి వెంకటరత్నం గారి భోజనశాలలో, వంటింటి గుమ్మానికి కట్టాము. కదలకుండా ఉన్నంతసేపు బ్రహ్మాండంగా ఉంది. ఆయన కూడా తల పంకించారు.

పదకొండున్నరకు భోజనాలు మొదలయ్యాయి. వడ్డించే మనిషి సాంబారు బకెట్టుతో భుజం పెట్టి తెర తోసుకుని వచ్చాడు. పక్కకు పోయిన పూసలన్నీ వెనక్కి ఊగి అతని వీపు మీద దబదబ మోదాయి. అతను తిరిగి చూశాడు, ఎవరూ లేరు. అన్నం గిన్నెతో వచ్చినవాడు ఈ సంగతి చూసి పరుగున దాటబోయాడు. ఈసారి తెర స్టీలు పళ్ళేల దొంతరకు తగిలింది. ఆ చప్పుడుకు ఒక ముసలాయన విస్తరి ముందు నుంచి లేచి, "ఎడ్లబండి లోపలికే వచ్చిందా ఏంది?" అని అడిగాడు. ఏం జరుగుతోందో చూద్దామని వెంకటరత్నం గారు గుమ్మంలోకి తల పెట్టిన క్షణంలోనే నీలం పూస ఒకటి సరిగ్గా ఆయన నుదుటికి తగిలింది. ఆయన నొప్పితో తెర పట్టుకున్నారు. ఆ బరువుకు పైన కట్టిన కర్ర ఒక పక్క ఊడింది. అది తగిలి, అడుగు దూరంలో నిలబడ్డ వడ్డించే మనిషి చేతిలోని సాంబారు బకెట్టు నా చీర మీదికి ఒరిగింది.

అరచేత్తో నుదురు రుద్దుకుంటూ ఆయన చాలా మర్యాదగానే అన్నారు: "అమ్మా, మా దగ్గరికి భక్తులొస్తారండీ, ఎడ్లు రావు."

నేను తడిసిన చీర పిండుకుంటుండగా సరోజన ముందుకు వచ్చింది. "తప్పయింది బాబూ. పది రోజులియ్యిండ్రి. గప్పటికీ నచ్చకుంటే ప్లాస్టిక్‌వే తెచ్చుకోండ్రి, మేమే వచ్చి కట్టిపోతం" అంది. ఆయన నుదురు వదిలి ఆమె వైపు చూసి, సరేనన్నారు.

తిరుగు ప్రయాణంలో సరోజన దమ్మపేటలో దిగనివ్వలేదు, సత్తుపల్లి పోదామంది. అక్కడ బస్టాండు వెనక ఖాదర్ సాబ్ అనే ఆయన మంచం కోళ్ళు, చపాతీ కర్రలు చేస్తాడు. కర్రను గిరగిరా తిప్పి ఉలితో నునుపు చేసే ఆ యంత్రాన్ని ఖరాదు అంటారు. మొన్న బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆమె ఆ దుకాణం చూసిందట.

"సాబ్, చపాతీ కర్ర ముక్కలు ముక్కలు కోస్తే పూసలైతయా?" అని అడిగింది.

"ఎందుకు కావమ్మా, అయితయ్. మరి చపాతీలు దేంతో చేస్తవ్?" అన్నాడాయన, పని ఆపకుండా.

తాడు చూపించి సంగతంతా చెప్పాను, దాచకుండా. ఆయన తాడును వేళ్ళతో నలిపి చూసి, తేలిక కర్ర ముక్క ఒకటి తీసి, ముందు నిలువునా బెజ్జం తొలిచాడు. ఆ తర్వాతే ఖరాదు మీద పెట్టి గుండ్రంగా చెక్కి, పూసలుగా విడదీశాడు. "ముందు బొక్క, తర్వాత పూస. పూస చేసి బొక్క పొడుస్తే పగిలిపోతది" అన్నాడు. సరోజన నా వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

మొదటి విడత పూసలు బత్తాయిల్లా వచ్చాయి. యాభై ఏళ్ళు మంచం కోళ్ళు చేసిన చేతికి చిన్నగా చేయడం కష్టమని ఆయనే నవ్వుకుని, రెండో విడత కుదించాడు. ఇరవై మిల్లీమీటర్ల పూస, ఎనిమిది మిల్లీమీటర్ల బెజ్జం. అరచేతిలో వేసుకుంటే బరువు తెలియలేదు. ఇక మిగిలింది రంగు. అక్కడ మాత్రం నా అనుభవం పనికొచ్చింది. రంగు వేసిన పూసను తడి తెల్లగుడ్డతో రుద్ది చూడమన్నాను. గుడ్డ ఎర్రబడింది. వానాకాలం, తడి చేతులతో తిరిగే భోజనశాల, తెల్లటి నూలు తాడు. రంగు మాన్పించి, లక్క పూత మాత్రమే వేయించాను. బెజ్జం అంచులు కూడా నున్నగా రుద్దించాను, గరుకుగా ఉంటే తాడు పోగులు లేస్తాయి.

తొమ్మిదో రోజుకు ఆరు తెరలూ పూర్తయ్యాయి. వాటిని భద్రాచలం చేర్చడానికి వీరభద్రం తన ట్రాలీ ఆటోలో వచ్చాడు. ఒక తెర చేతిలోకి తీసుకుని ముడి ముడీ లాగి చూశాడు. ఒక్కటీ జారలేదు. "గిది పలుపుకు అక్కరకు రాదులే" అన్నాడు. సరోజన దాన్ని మెచ్చుకోలుగా తీసుకుంది. నేనూ అలాగే తీసుకున్నాను.

వెంకటరత్నం గారు ఒక చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని మొదటి గుమ్మం దాటారు. రెండో గుమ్మం దగ్గర కూడా చెయ్యి తీయలేదు. మూడో దాని దగ్గర ఒక కన్ను తెరిచారు. ఆరో గుమ్మం మామూలు మనిషిలా దాటి, వెనక్కి తిరిగి మళ్ళీ ఒకసారి దాటి, "కూర్చోండమ్మా, భోజనం చేసి వెళ్దురుగాని" అన్నారు. ఆర్డరు పని అయిపోయినా వీరభద్రం మానెయ్యమని అనలేదు, బ్యాచ్ చివరి రోజు దాకా ఇరవై రెండు మందీ వచ్చారు.

ఆ తర్వాత ఉద్యోగం చేసిన రెండేళ్ళూ పూసల పాఠం ఒకే వరసలో చెప్పాను. మొదట బెజ్జం, తాడు ముక్కతో పొడిచి చూడాలి. తర్వాత బరువు, తెర ఊగినప్పుడు ఎవరికి తగులుతుందో ఆలోచించాలి. ఆ తర్వాత తడిగుడ్డ పరీక్ష. రంగూ అందమూ చివర. ఇది మాక్రమేకు సంబంధించినంత వరకు. ఉద్యోగానికి సంబంధించి నేర్చుకున్నది ఇంకా చిన్నది. పంతులు చేసిన తప్పు పిల్లలకు ముందే తెలిసిపోతుంది. దాన్ని ఒప్పుకోవడానికి తీసుకునే సమయమంతా దండగ.