ఒళ్ళు చేశాననుకున్నాం

రొమ్ములో గడ్డ తీసేశాక, మందు ఎక్కించే ముందు, గుంటూరు డాక్టరు నా గుండెకు పరీక్ష రాశాడు. రోగం ఒకచోట, పరీక్ష ఇంకోచోట. ఇదేం విడ్డూరమో నాకు అర్థం కాలేదు. రోగం గుండెదాకా పాకిందనుకుని మా ఆయన ఆసుపత్రి మెట్ల మీదే కూలబడ్డాడు.

మళ్ళీ లోపలికెళ్ళి అడిగాం. "అదేం కాదండీ. ఇప్పుడు ఎక్కించే ఎర్రమందు కొందరికి గుండెను బలహీనం చేస్తుంది. ముందు ఎలా ఉందో చూసుకుంటాం. తర్వాత ఆయాసం గానీ, కాళ్ళ వాపు గానీ వస్తే వెంటనే రండి" అన్నాడు డాక్టరు. ఇద్దరం బుద్ధిగా తలలూపాం. గుండెకు చెరుపు చేసే మందు నాకు మంచి ఎలా చేస్తుందని అడగాలనిపించింది గానీ, ఆయన అప్పటికే ఇంకొకరిని పిలిచాడు.

ఆ మందు నన్ను పీల్చి పిప్పి చేసింది. జుట్టంతా ఊడింది. అన్నం చూస్తే కడుపులో తిప్పేది. మా అత్తగారికి నా జుట్టు గురించి కంటే నా చిక్కిపోయిన చేతుల గురించే దిగులు. "ఒళ్ళంతా వేడి చేసిందే అమ్మాయ్, చలవ చెయ్యాల" అని ఉప్పేసిన మజ్జిగ, ఉప్పేసిన రాగిజావ చెంబులకు చెంబులు పట్టించేది. వద్దంటే అలిగేది. డాక్టరు కూడా నీళ్ళు బాగా తాగమనే అన్నాడు కాబట్టి నేనూ తాగాను.

మందులు పూర్తయి, జుట్టు మళ్ళీ మొలిచే వేళకు మిరపకోతలు వచ్చాయి. అప్పుడు నేను ఒళ్ళు చేయడం మొదలైంది. పాదాలు నిండుగా కనిపించాయి, మెట్టెలు వేళ్ళకు బిగుసుకున్నాయి. "ఇప్పుడు మనిషివయ్యావు" అని అత్తగారు మురిసిపోయింది. చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళూ అదే మాట. అద్దంలో చూసుకుని నేనూ సంబరపడ్డాను, ఎందుకు దాచాలి? కల్లం దాకా నడిస్తే ఆయాసం వచ్చేది. అది మిరపకాయల ఘాటనుకున్నాం. ఆ రోజుల్లో ఊరంతా దగ్గుతూనే ఉంటుంది, నా దగ్గును వేరుగా ఎవరు వింటారు? పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చున్నా, అదీ ఘాటే అనుకున్నాం.

మామూలు పరీక్షకని గుంటూరు వెళ్ళినప్పుడు "ఒళ్ళు చేశాను డాక్టరు గారూ" అని గొప్పగా చెప్పాను. ఆయన నవ్వలేదు. నా కాలి ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీశాడు. అక్కడ గుంట పడింది, అలాగే ఉండిపోయింది.

"ఇది ఒళ్ళు కాదమ్మా, నీరు. గుండె నీరసపడింది" అన్నాడు.

అక్కణ్ణించి గుండె డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన మాత్రలిచ్చాడు, ఉప్పు తగ్గించమన్నాడు, నీళ్ళు కొలిచి తాగమన్నాడు. ఒకాయన బాగా తాగమన్నాడు, ఇంకొకాయన కొలిచి తాగమన్నాడు. రోళ్ళు పగిలే ఎండల్లో నేను ఎవరి మాట వినాలి? అడిగితే "అప్పటి సంగతి వేరమ్మా, ఇప్పటి సంగతి వేరు" అన్నాడు. చప్పిడి కూడు చూసి మా అత్తగారు, పగవాళ్ళకు కూడా ఇలాంటి తిండి పెట్టనంటూ ఏడ్చింది.

రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలట. మా ఇంట్లో ఉన్నది పత్తి తూచే కాటా ఒక్కటే. దాని మీద నన్ను నిలబెడితే అత్తగారు లబలబలాడింది. "మనిషిని కాటా ఎక్కిస్తారంట్రా? దిష్టి తగులుద్ది!" మా ఆయన వినలేదు. బరువు పెరిగితే గుండెలో మళ్ళీ ఏదో అయిందని బెంగ. తగ్గితే పాత రోగం తిరగబెట్టిందని బెంగ. ఏం చూస్తే సంతోషపడాలో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

కొన్నాళ్ళకు గుండె కాస్త కోలుకుందన్నారు. మాత్రలు మాత్రం మానొద్దని, పరీక్షలకు వస్తూనే ఉండాలని చెప్పారు. బయటికొచ్చి బస్సు కోసం కూర్చున్నాం.

"ఇట్టా అవుద్దని తెలిస్తే ఆ మందు వద్దనేవోణ్ణి" అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్ళు మండింది. "వద్దనుంటే ఈ మాట ఇప్పుడు ఎవరితో అనేవారు?"

ఆయన తువ్వాలుతో ముఖం అదిమిపట్టుకున్నాడు. ఆ గుడ్డలోంచే అడిగాడు.

"మరి నేనెవర్ని తిట్టుకోవాలే?"

అంతవరకూ నా పక్కన ఇంత కోపం కూర్చుని ఉందని నాకు తెలియదు. డాక్టర్నా, మందునా, మజ్జిగ పోసిన ఆయన తల్లినా, ఎవరి పేరు చెప్పను? నన్ను బతికించిన వాళ్ళే అందరూ. బస్సు వచ్చినా ఇద్దరం లేవలేదు.